ఉత్తుత్తి టూరిస్టులు

మా ఊరు బోవా సోంబ్రాలో ఎవరైనా గైడుగా మారాలంటే ముందు ముగ్గురు ముసలాళ్ళను భరించాలి. ఆ ముగ్గురూ అడవిలోనే పుట్టి, అడవిలోనే తిరిగి, సావో తోమే దీవి అంతటా పేరు మోసినవాళ్ళు. కానీ పరీక్ష రోజున మాత్రం వాళ్ళకు ఏమీ తెలియదు. ఆ రోజు వాళ్ళు టూరిస్టులు. పొద్దున్నే టోపీలూ నల్ల కళ్ళద్దాలూ పెట్టుకుని వచ్చి నిలబడతారు. పరీక్షకు వచ్చినవాడు వాళ్ళను ఆవా గ్లాంజి జలపాతం దాకా నడిపించాలి, అక్కడి నీళ్ళు ముగ్గురి చేతా తాకించాలి, చీకటి పడేలోపు ఊళ్ళోకి తీసుకురావాలి. దారిలో వాళ్ళు పెట్టని తిప్పలు ఉండవు. తప్పిపోతారు, అలుగుతారు, పామని కేకలు వేస్తారు, వద్దన్న కాయ కోసి నోట్లో పెట్టుకోబోతారు. నిజం టూరిస్టులు పాపం ఇంత దుర్మార్గంగా ఉండరు. ఈ ముగ్గురినీ భరించినవాడు లోకంలో ఎవరినైనా భరించగలడని మా ఊరి నమ్మకం.

ఈసారి పరీక్షకు నిలబడింది ఎజల్తీనా, ఊరందరికీ తీనా. ముప్పై దాటిన మనిషి. అడవి దారి మొదట్లో అరటికాయ ముక్కలూ సీమపనస ముక్కలూ వేయించి, వచ్చే పోయే టూరిస్టులకు అమ్ముతుంది. తండ్రి కల్లుగీత పనిలో బతికినవాడు. చిన్నప్పుడు ఆయన వెంట కల్లు పోసే బుర్రకాయ మోస్తూ కొండలన్నీ ఎక్కి దిగింది కాబట్టి ఆమెకు అడవి పెరడు లాంటిది. కానీ మా ఊళ్ళో ఆడవాళ్ళు దారి మొదట్లో కూర్చుని అమ్ముతారు, మగవాళ్ళు దారిలో నడుస్తారు. అలాగని ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. అందుకే దాన్ని మార్చడం మరీ కష్టమైంది.

గైడ్ల సంఘానికి పెద్ద లిబానియో. ఎముకల గూడు లాంటి మనిషి, మాట మాత్రం కొడవలి. తీనా వచ్చి అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి తిప్పి పంపేవాడు. చివరికి ఆమె పోరు పడలేక ఒప్పుకున్నాడు.

"సరే, ఒక్కసారి. నీళ్ళు తాకించావా, గైడువి. తాకించలేదా, నువ్వే కాదు, ఇంకే ఆడమనిషీ మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు. ఇష్టమేనా?"

"ఇష్టమే మావా," అంది తీనా. అనేశాక ఇంటికి వెళ్ళి, ఊరి ఆడపిల్లలందరి తరఫునా తాను పందెం ఒప్పుకున్నానని తెలిసొచ్చి, ఆ రాత్రంతా కన్ను మూయలేదు.

పరీక్ష రోజు ఊరంతా నాటకం చూడటానికి వచ్చినట్టు కోకో గింజలు ఆరబెట్టే రాతి అరుగు చుట్టూ చేరింది. ముందుగా కుస్తోదియో వచ్చాడు. బొజ్జ మీద పూల చొక్కా, కళ్ళకు పెళ్ళాం కళ్ళద్దాలు, మెడలో తాడు కట్టిన ఖాళీ సార్డిన్ చేపల డబ్బా. ఆ డబ్బా ఆయన కెమెరా. నాలుకతో టక్కుమనిపిస్తూ అడుగడుక్కీ ఫోటో తీస్తాడు. తర్వాత లిబానియో. ఆయన వేషం వేయడు, వేయక్కర్లేదు. డబ్బు కట్టాను, అన్నీ నాకు తెలుసు అనే టూరిస్టు వేషం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

అందరూ ఎదురు చూసేది మూడో మనిషి కోసం. వెనాన్సియో రాగానే పిల్లలు ఈలలు వేశారు. ఎప్పుడో వయసులో ఉండగా ఈయన ఒక ఫ్రెంచి దొరను జలపాతానికి తీసుకెళ్ళాడట. ఆ దొర పోతూ వస్తూ మూలుగుతూనే ఉన్నాడట. ఆ మూలుగు వెనాన్సియో గుండెలో అలా నిలిచిపోయింది. అప్పటినుంచీ పరీక్ష వచ్చిందంటే ఆ దొరే. మోకాళ్ళ దాకా మేజోళ్ళు, చేతిలో కర్ర, ముక్కుతో మాట.

"ఓ లా లా! మొ పియే! ఓ, మొ పియే!" అంటూ ఒంటికాలి మీద గెంతాడు. అంటే ఏమిటో ఆయనకూ పూర్తిగా తెలియదు. ఊరు మాత్రం కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. తీనాకూ నవ్వొచ్చింది, దాంతో భయం కాస్త తగ్గింది.

"పొద్దున్నే ముసలాయనకు బ్రహ్మాండంగా పూనిందే," అన్నాడు కుస్తోదియో.

"పదండి సార్, పదండి. తడి ఉన్న చోట నా అడుగులో అడుగు వేయండి," అంది తీనా.

ఊరిని ఆనుకున్న కోకో తోటలో దారి చదును. మొదళ్ళకే కాసిన కోకో కాయలు ఎర్రగా, పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. పైన నీడ చెట్ల కొమ్మల్లో చిన్న పిట్టలు గోల చేస్తున్నాయి. తోట చివర కూలిన గోడ దాటగానే వెలుతురు రంగు మారుతుంది. అక్కడినుంచి అడవి. నేల మెత్తబడుతుంది, గాలి చల్లబడుతుంది, గొంతులు వాటంతట అవే తగ్గుతాయి. ఎన్నిసార్లు వచ్చినా తీనాకు ఆ గోడ దాటేటప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది. చెప్పులు విప్పాలన్నంత గౌరవం కలుగుతుంది. చెప్పులు విప్పితే జారి పడతామని తెలుసు కాబట్టి విప్పదు.

ముగ్గురూ మొదటి మలుపులోనే పని మొదలుపెట్టారు. కుస్తోదియో ఒక వేరును చూసి ఎగిరి గంతేశాడు.

"పాము! నల్ల పాము! గైడూ, కాపాడు!"

"అది వేరు సార్. పామైతే మీరు ఈపాటికి ఊళ్ళో ఉండేవాళ్ళు," అంది తీనా, వెనక్కి తిరక్కుండా.

ఇంకాస్త ముందుకు వెళ్ళాక ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగి, బెరడు మీద పాత గాట్లు చూపించింది. "మందుకోసం బెరడు తీసేవాళ్ళు పొద్దు పొడిచే వైపు ఓ ముక్క, పొద్దు గుంకే వైపు ఓ ముక్క తీస్తారు సార్. చుట్టూ తీయరు. అలా తీస్తేనే మందు పనిచేస్తుందంటారు."

లిబానియో పెదవి విరిచాడు. "ఇదంతా మూఢనమ్మకం. నేను డబ్బు కట్టింది నమ్మకాలు వినడానికా?"

"మూఢనమ్మకమే సార్. కాకపోతే చెట్టు బతికుంది," అంది తీనా.

వెనకనుంచి వెనాన్సియో పకపకా నవ్వి, వేషం గుర్తొచ్చి, వెంటనే "ఓ, మొ పియే!" అని మూలిగాడు.

తీనా నడక పద్ధతి ఒకటుంది. కల్లుకు వెళ్ళే తండ్రి ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. బుర్రకాయ ఆమె నడుముకు తగిలే చప్పుడు వింటూ నడిచేవాడు. అది ఆగితే తనూ ఆగేవాడు. ఆమె కూడా అంతే. కళ్ళు ముందున్న దారి మీద, చెవులు వెనకున్న మనుషుల మీద. కుస్తోదియో అంటే డబ్బా గలగల. లిబానియో అంటే పొడి దగ్గు. వెనాన్సియో అంటే మూలుగు. ఈ మూడూ వినబడుతున్నంత సేపూ ఆమె ముందుకే చూస్తూ నడిచింది.

ఒకచోట దగ్గు వినబడలేదు. తీనా ఆగింది. వెతకలేదు, కేకలు వేయలేదు. ఒక రాయి మీద అరిటాకు పొట్లం విప్పి, "భోజనం ఇక్కడే," అంది గట్టిగా. పొగబెట్టిన చేప, కాల్చిన సీమపనస వాసన అడవంతా పాకింది. కాసేపటికి ఫెర్న్ చెట్ల వెనకనుంచి లిబానియో చొక్కా దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"నేను తప్పిపోయాను. నన్ను వెతకలేదేం?"

"మీరు తప్పిపోలేదు సార్, దాక్కున్నారు. తప్పిపోయినవాడు అరుస్తాడు."

కుస్తోదియో నవ్వు ఆపుకోలేక చేప ముల్లు గొంతులో ఇరికించుకున్నాడు. లిబానియో సీమపనస ముక్క ఇంకోటి అడిగి తీసుకున్నాడు. ఆయన రెండోసారి అడిగి తినడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

భోజనం తర్వాత అసలు ఎక్కుడు. పొగమంచు చెట్ల మధ్యలోంచి మనుషుల్లా నడిచి వెళుతోంది. మనిషెత్తు మొక్కలకు గులాబి రంగు పూలు వేలాడుతున్నాయి. కొమ్మలన్నిటికీ నాచు, నాచు కొసన నీటి చుక్క, ప్రతి చుక్కలోనూ కాస్త ఆకాశం. ఎక్కడో పైన ఒసొబో పిట్ట కూసింది. అది కూస్తే వాన వస్తుందంటారు. ఆ పచ్చని పిట్ట కంటబడటం అపురూపం, కూత మాత్రం రోజూ వినబడుతుంది, వాన కూడా రోజూ కురుస్తుంది. ఈ మాట తీనా చెబితే కుస్తోదియో డబ్బా ఎత్తి కూతను ఫోటో తీశాడు.

రెండో వాగు దగ్గర వెనాన్సియో రాయి మీద చతికిలబడి, నన్ను ఎత్తుకుని దాటించమని ముక్కుతో మారాం చేశాడు. తీనా ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కో రాయీ చూపిస్తూ, పసిపిల్లాడికి చెప్పినట్టు చెబుతూ దాటించింది. అవతలి గట్టు ఎక్కాక ఆయన ఒక్క క్షణం వేషం పక్కనపెట్టి కన్ను గీటాడు.

అక్కడినుంచి కొంత దూరం పోయేసరికి వినబడింది. మొదట గాలి అనుకుంటాం. తర్వాత వాన అనుకుంటాం. కొండ లోపల ఎవరో ఆగకుండా మాట్లాడుతున్నట్టుండే ఆ హోరు ఆవా గ్లాంజిది. ఇంకో ఎక్కుడు, ఒక మలుపు, అంతే. తీనాకు కాళ్ళల్లో కొత్త సత్తువ వచ్చింది. గెలిచేశాను అనుకుంది. ఇంటికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళకు ఏం చెప్పాలో కూడా మనసులో అనుకుంది.

అప్పుడే ఏదో తక్కువైనట్టు తోచింది. వెనక డబ్బా గలగలమంటోంది. దగ్గు వినబడుతోంది. మూలుగు లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. వెనాన్సియో ఫెర్న్ చెట్టు మొదలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టోపీ సరిగ్గా ఉంది. మొహం మీద నవ్వుంది.

"ముస్యూ దొరా, అలిసిపోయారా?" అంది తీనా గైడు గొంతుతో.

"లేదమ్మా. నడు," అన్నాడు ఆయన.

ముక్కుతో కాదు, మామూలు గొంతుతో అన్నాడు. పొద్దున్నించీ ఆ మనిషి ముక్కుతో తప్ప మాట్లాడలేదు. ఆమె దిగి ఆయన దగ్గరికి వచ్చింది.

కుస్తోదియో చప్పట్లు కొట్టాడు. "చూశావా, చూశావా! కొత్త ఎత్తు! ఇన్నేళ్ళుగా మూలిగి మూలిగి ఇప్పుడు మూగనోము పట్టాడు. ముసలాయనా, నీకు నాటకాల్లో బహుమతి ఇవ్వాలి!"

"మోసపోకు," అన్నాడు లిబానియో పైనుంచి. "చివరి ఎక్కుడు దగ్గర ఇలాంటిది ఒకటి చేస్తాడని నాకు తెలుసు. మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పటినుంచీ ఇదే తంతు. పద, నీళ్ళ చప్పుడు వినబడటంలా?"

తీనా వెనాన్సియో చెయ్యి పట్టుకుంది. ఇందాక వాగు దగ్గర పట్టుకున్న చెయ్యే. ఇప్పుడు చల్లగా ఉంది, తడిగా ఉంది. మెడ మీద చెమట పట్టి, చొక్కా కాలరు నల్లగా తడిసింది. ఎక్కడానికి పట్టిన చెమట కాదది.

"ఎప్పట్నించి తాతా?" అంది గొంతు తగ్గించి.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెదాలు మాత్రం కదిపాడు. "వాగు దగ్గర్నుంచి. ఛాతీలో రాయి పెట్టినట్టుంది, అంతే. ఏం కాదు. ముందు వాళ్ళ చేత నీళ్ళు తాకించు. ఆ తర్వాత కూర్చుంటా. నా మూలాన నీ పని చెడిపోతే నేను చచ్చినా ఊరుకోను."

ఒక్క క్షణం తీనాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్ని రోజులుండగా ఈ రోజే రావాలా ఈ నొప్పి, ఇంత దూరం వచ్చాకా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. మలుపు అవతల నీళ్ళు పడుతున్నాయి. తల తిప్పితే కనబడేంత దగ్గర. కావాలంటే ఆయన్ని ఇక్కడే కూర్చోబెట్టి, మిగతా ఇద్దర్నీ పరిగెత్తించి రావచ్చు. కానీ ముగ్గురూ తాకాలి. ముగ్గురూ తాకాలంటే ఈయన్ని పైకి ఎక్కించాలి.

ఆమె మలుపుకి వీపు తిప్పింది.

"వెనక్కి వెళ్తున్నాం. ఇప్పుడే."

"ఏమిటీ? నేను డబ్బు కట్టాను. జలపాతం చూడందే ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యను," అన్నాడు లిబానియో.

"మావా, వేషం చాలు. ఈయన వాగు దాటేదాకా నటించాడు. ఇప్పుడు నటిస్తున్నది ఒకటే, తనకేం కాలేదని."

"వెనక్కి తిరిగితే నీ పరీక్ష పోయినట్టే. తెలుసా?"

"తెలుసు."

"నీ ఒక్కదానిదే కాదు."

"అది కూడా తెలుసు మావా. కిందికి దిగి ఈ చెయ్యి పట్టుకో. పట్టుకుని అప్పుడు మాట్లాడు."

లిబానియో దిగాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మొహంలో టూరిస్టు మాయమయ్యాడు. కుస్తోదియో మెడలోంచి డబ్బా తీసి అక్కడే నేల మీద పారేశాడు.

ఆ తర్వాత తీనా చెప్పింది, వాళ్ళు చేశారు. రెండు గట్టి కర్రలు కొట్టి, చొక్కాల చేతుల్లోంచి దూర్చి డోలీ కట్టారు. బొజ్జ బయటపడ్డ కుస్తోదియో ముందు, బొమికల లిబానియో వెనక. వెనాన్సియో డోలీలో పడుకుని, "ఇంత సేవ ఏ దొరకీ చెయ్యలేదురా మీరు," అన్నాడు, గొంతు పీలగా. ఎవరూ నవ్వలేదు.

వచ్చిన దారిన దిగితే వాగుల్లో రాళ్ళు, నిట్టనిలువు మట్టి మెట్లు. తీనా ఎడమవైపు పొదల్లోకి కత్తి వేసి దారి తీసింది.

"అటెక్కడికి?" అన్నాడు లిబానియో.

"తోటకి నీళ్ళు పారించిన పాత కాలువ గట్టు. చదునుగా పోతుంది. నాన్న కల్లు ఒలక్కుండా ఈ దారినే తెచ్చేవాడు."

"అది తెగిపోయి ఎన్నో ఏళ్ళయింది."

"తెగిన చోట నాకు తెలుసు. నడు మావా."

ఆమె ముందు నడిచింది. కత్తితో తీగలు నరుకుతూ, నాచు పట్టిన రాయి వస్తే చెబుతూ, "ఎడమ కాలు ముందు", "ఇప్పుడు ఆగండి", "తల వంచండి" అంటూ. ఇప్పుడు ఆమె చెవులు ఒక్క చప్పుడు కోసమే పనిచేశాయి. డోలీలో ఊపిరి. అది వినబడనప్పుడల్లా "తాతా" అని పిలిచేది. "ఊఁ" అని వచ్చేది. వాన మొదలైంది. ఒకచోట గట్టు తెగి లోయ కనబడుతోంది. అక్కడ ఆమె నడుం లోతు బురదలోకి దిగి, డోలీ కర్రను భుజం మీద పెట్టుకుని, అవతలికి దాటించింది. వెనకనుంచి లిబానియో ఇదంతా చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా మనుషుల్ని అడవిలో నడిపించిన మనిషి, తనను ఒకరు నడిపిస్తుంటే ఎలా ఉంటుందో మొదటిసారి చూస్తున్నాడు. వద్దనుకున్నా కాళ్ళు ఆమె మాట వింటున్నాయి.

చీకటి పడకముందే తోట గోడ దాటారు. ఊరి ఆసుపత్రి నర్సమ్మ చూసి, వెంటనే జీపు మాట్లాడి పట్నం పంపింది. గుండె అని అక్కడ తేల్చారు. వేళకు తెచ్చారు కాబట్టి సరిపోయింది అన్నారు. నాలుగు రోజులకు కబురొచ్చింది, ముసలాయన పక్క మంచం వాళ్ళకు ఫ్రెంచి దొర మూలుగు నేర్పుతున్నాడని.

ఆ కబురు విని ఊరు ఊపిరి పీల్చుకుంది. సంఘం మాత్రం పరీక్ష సంగతి తేల్చడానికి అరుగు మీద కూర్చుంది.

"ఇంకా ఆలోచనేంటయ్యా? ఆ పిల్ల లేకపోతే ముసలాయన్ని ఈపాటికి పూడ్చి వచ్చేవాళ్ళం," అన్నాడు కుస్తోదియో.

లిబానియో నేల చూస్తూ కూర్చున్నాడు. "నీళ్ళు తాకలేదు."

"తాకలేదు, అయితే?"

"తాకలేదంటే తాకలేదు. మొన్నామధ్య నీ అల్లుడు ముగ్గురిలో ఒకణ్ణి వాగు దగ్గర వదిలేసి వచ్చి, జాలి చూపించమన్నాడు. చూపించామా? మాట మాటే."

తీనా అక్కడే నిలబడి ఉంది. వాదించలేదు. పందెం ఒప్పుకున్నది తనే. ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది. వెనక్కి తిరిగినందుకు కాదు. మళ్ళీ అలాంటి రోజే వస్తే మళ్ళీ వెనక్కే తిరుగుతుంది. ఆ మలుపు అంత దగ్గరగా ఉన్నందుకు ఏడ్చింది. మర్నాడు మొహం కడుక్కుని, దారి మొదట్లో మూకుడు పెట్టి, అరటికాయలు తరుగుతూ కూర్చుంది. టూరిస్టులు వచ్చారు, తిన్నారు, వేరేవాళ్ళ వెనక అడవిలోకి వెళ్ళారు.

ఆదివారం పొద్దున లిబానియో వచ్చాడు. ఒంటరిగా కాదు. పక్కన ఆయన భార్య క్వింతీనా ఉంది. ఆమె లావుపాటి మనిషి. చర్చికి కట్టుకునే బట్టలు కట్టి, కాళ్ళకు మాత్రం మొగుడి పాత బూట్లు వేసుకుంది.

"ఈవిడ జలపాతం చూడాలంట," అన్నాడు లిబానియో, మూకుడు వైపు చూస్తూ.

తీనా చెయ్యి ఆగిపోయింది. "నువ్వే తీసుకెళ్ళు మావా. నాకేం పని?"

"అడుగు, అడుగు! పెళ్ళయిన ఏడాది నుంచీ తీసుకెళ్తానంటాడు," అంది క్వింతీనా నడుం మీద చేతులు పెట్టి. "పరాయి దేశాల వాళ్ళందరూ వచ్చి చూసిపోయారు. ఆ నీళ్ళలో బట్టలుతికి ముసలిదాన్నయ్యాను గానీ, అవి ఎక్కడినుంచి వస్తాయో నేను చూడలేదు. అడిగితే దారి కష్టం, నీ వల్ల కాదు అంటాడు. నా వల్ల కాదా, ఆయన వల్ల కాదా?"

"నా వల్ల కాదు," అన్నాడు లిబానియో.

ఆడవాళ్ళిద్దరూ ఆయన వైపు చూశారు.

"నేను ముందు నడిస్తే నా నడక నేను నడుస్తా. ఈవిడ వెనకాల ఏమైందో నాకు వినబడదు. జీతం తీసుకున్న ఇన్నాళ్ళూ ఎవరికీ ఏం కాలేదంటే అది వాళ్ళ అదృష్టం. ఆ రోజు వెనాన్సియో పక్కనే నడిచాను, నాకు తెలియలేదు." ఆయన క్వింతీనా వైపు చెయ్యి చూపాడు. "ఈవిణ్ణి నేను ఎవరికీ అప్పజెప్పలేదు. నీకు అప్పజెబుతున్నా. నేను వెనక వస్తా."

తీనా పొయ్యి ఆర్పేసింది.

ఆ రోజు నడక నిదానంగా సాగింది. క్వింతీనా నోటికి అడవిలో కూడా తలుపు లేదు. ఆమె మాట వినబడినంత సేపూ తీనాకు నిశ్చింత. మాట ఆగితే తీనా ఆగేది, ఆమె ఊపిరి తిరిగే దాకా ఏదో ఒక పువ్వు చూపించేది. క్వింతీనా చూసిన ప్రతిదానికీ మొగుణ్ణి తిట్టింది. గులాబి పూలు చూసి తిట్టింది. నాచు నిమిరి తిట్టింది. "ఇంత చక్కని చోటికి రోజూ వచ్చి, ఇంటికొచ్చి కాళ్ళ నొప్పులని చెప్పేవాడివా?" అంది. లిబానియో వెనక దగ్గుతూ నడిచాడు.

ఆఖరి ఎక్కుడు. మలుపు. తీనా పక్కకు తప్పుకుని, క్వింతీనాను ముందు పోనిచ్చింది.

నల్లని రాతి గోడ. ఆకాశంలోంచి మొదలైనట్టు, దాని మీదుగా తెల్లగా, ఒంటిగా, విరగబడి దిగుతున్న నీళ్ళు. కింద మడుగు అంతా పొగ. పొగలో ఎండ పడి, రంగులు లేచి, ఆరిపోయి, మళ్ళీ లేస్తున్నాయి. రాతి అంచుల ఫెర్న్ ఆకులన్నీ ఆ గాలికి ఒకే వైపు ఊగుతున్నాయి. చూస్తున్నవాళ్ళ ఛాతీలో కూడా అదే హోరు.

క్వింతీనా మాట ఆగిపోయింది. ఈసారి తీనా భయపడలేదు. ముసలామె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, జల్లు నీళ్ళో కంటి నీళ్ళో తెలియలేదు.

"లిబానియో," అంది నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండా, "ఇది ఇక్కడ ఉండగా నువ్వు నాతో ఇన్నేళ్ళూ వంటింటి గురించి మాట్లాడావా?"

అవతలి గట్టు దారినుంచి మనుషులు దిగుతున్నారు. పక్క ఊరి గైడు, వెనక తెల్ల టోపీల టూరిస్టులు. లిబానియోను చూడగానే ఆ గైడు టోపీ తీసి, అంత హోరులోనూ వినబడేలా కేకేశాడు. గురువు కనబడితే ఏ గైడైనా అలాగే చేస్తాడు.

"పెద్దాయనా! గెస్టుల్ని తెచ్చావా?"

లిబానియో మడుగు అంచున వంగి, రెండు చేతులూ నీళ్ళలో ముంచి, పైకెత్తి చూపించాడు.

"లేదురా! ఇవాళ నేను గెస్టుని. గైడు ఆవిడ!"

ఆ గైడు కళ్ళు తీనా మీదికి తిరిగాయి. ఒక్క క్షణం ఆగి, ఆమె వైపు కూడా టోపీ ఎత్తాడు. తీనాకు ఆ మాట మళ్ళీ ఒకసారి వినాలనిపించింది, కూర్చుని మనసారా ఏడవాలని కూడా అనిపించింది. రెండిటికీ తీరిక దొరకలేదు. క్వింతీనా అప్పటికే బూట్లతో సహా మడుగులోకి దిగుతోంది.

"అత్తా, అటు కాదు, ఆ రాయి జారుతుంది! చెయ్యి ఇలా ఇవ్వు," అంటూ తీనా నీళ్ళలోకి పరిగెత్తింది.